ఆరు గంటల నలుగురు

క్లబ్బులో నన్ను గడియారం అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అయితే స్టార్టర్ గారూ అంటారు. గోల్ఫు మైదానంలో మొదటి బంతి కొట్టే గట్టు పక్కన ఒక చిన్న గది, ఆ గదికో కిటికీ, కిటికీలో నేను. ఎవరు ఏ నిమిషానికి ఆట మొదలుపెట్టాలో రాసిన పట్టీ నా దగ్గర ఉంటుంది. పది నిమిషాలకొక జట్టు, జట్టుకు నలుగురు. నేను పిలిచేదాకా ఎంతటివాడైనా ఆ గట్టు ఎక్కడానికి లేదు. ఒకసారి క్లబ్బు ప్రెసిడెంటు గారు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి, నవ్వుతూ గట్టు మీద కాలు పెట్టబోయారు. "మీ వరుస దాటిపోయిందండీ, మళ్ళీ తొమ్మిదీ ఇరవైకి ఖాళీ ఉంది" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. నాకు మాత్రం ఆ రోజంతా భలే హుషారుగా గడిచింది.

ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మొహమాటమనేది నా ఒంట్లో లేదు. ఉంటే మా ఆవిడ ఇంట్లో ఉండేది. "మీతో మాట్లాడ్డం, గోడతో మాట్లాడ్డం ఒకటే" అని చెప్పి పదకొండేళ్ళ కిందట వాళ్ళ అక్కగారింటికి వెళ్ళిపోయింది. గోడ కనీసం ఎదురు చెప్పదు కదా అన్నాను నేను. ఆవిడ విన్న నా చివరి మాట అదే. చాలా తెలివైన మాట అన్నానని ఆ సాయంత్రం దాకా అనుకున్నాను.

శనివారం పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఉండే గంట గురించి కాస్త చెప్పాలి. ఆ వేళలో ఎండ ఉండదు, గాలి ఉండదు, ముందు ఎవరూ ఉండరు కాబట్టి ఎవరికోసమూ ఆగక్కర్లేదు. మైదానమంతా మన సొంతమన్నట్టు ఉంటుంది. ఆ గంటలో ఆరు జట్లకే చోటు. ఆ ఆరూ పాతికేళ్ళు దాటిన సభ్యులవి. వాళ్ళు ఫోన్ చెయ్యక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, ఏడాది పొడుగునా ఆ చోటు వాళ్ళదే. దాన్ని ముందు హక్కు అంటారు. మిగతా సభ్యులు, వాళ్ళూ అదే చందా కట్టేవాళ్ళే, ఒక కాగితం మీద పేరు రాయించుకుని కాచుకుంటారు. ఇదేం న్యాయమండీ అని ఎవరైనా అడిగితే, ముందెక్కినవాళ్ళు ముందు కూర్చుంటారు, బస్సులోనైనా అంతే కదా అనేవాణ్ణి. బస్సులో కూర్చున్నవాడు ఎక్కడో ఒకచోట దిగుతాడన్న సంగతి నాకు తట్టలేదు.

అయితే ఆ హక్కుకూ ఒక మెలిక ఉంది. నలుగురిలో కనీసం ఇద్దరైనా వచ్చి గట్టు దగ్గర నిలబడాలి. ఒంటరివాడికి హక్కు లేదు. ఈ ఆటలో అది పాత పద్ధతి, ఒక్కడే ఆడేవాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు. స్టార్టరు నలుగురినీ మూడుసార్లు గట్టిగా పిలవాలి. ఇద్దరు పలకకపోతే ఆ చోటు అక్కడికక్కడే కాచుకున్నవాళ్ళ కాగితంలో పైనున్న మనిషికి పోతుంది. ఆ మనిషి స్వయంగా వచ్చి కిటికీ దగ్గర అడగాలి. ఇంతే. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే పద్ధతి.

ఆరు గంటల జట్టు పేరుకే కాదు, నిజంగానే క్లబ్బుకు ముందు జట్టు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు గారు, ఒక వకీలు, ఒక పళ్ళ డాక్టరు, బట్టల మిల్లు నడిపినాయన. ముప్ఫై ఏళ్ళ జట్టు. ఆటలో నలుగురూ నలుగురే, ఎవరికీ సరిగ్గా రాదు. కానీ పోట్లాట మాత్రం దివ్యంగా వచ్చు. పళ్ళ డాక్టరు బంతి పొదల్లోకి పోతే వకీలు అది పొదలది కాదు, పొదల అంచుది అని వాదించేవాడు. ఫీజు తీసుకోకుండా ఆయన వాదించిన కేసులు అవే అయ్యుంటాయి.

ముందు మిల్లాయన పోయాడు. రెండేళ్ళకు వకీలు. మిగిలిన ఇద్దరూ ఇంకో ఏడాది వచ్చారు. తర్వాత పళ్ళ డాక్టరూ పోయాడు, గురువారం నాడు. ఎల్లుండే శనివారం. ఇంజనీరు గారు రారనే అనుకున్నాను. ఆరుకు పావుగంట ముందే వచ్చారు. కర్రల సంచి గోడకు చేరేసి, నా గదిలోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. అంతకుముందు ఎన్నడూ నా గదిలో కూర్చోలేదు, కూర్చోవలసిన అవసరం లేకపోయింది. ఫ్లాస్కు తీసి, మూతలో టీ పోసి నాకిచ్చి, తను ఫ్లాస్కుతోనే తాగారు.

"ఏమయ్యా గడియారం, రాత్రి ఏం వండుకున్నావు?" అన్నారు.

నేను ఉలిక్కిపడ్డాను. గడియారం అని ఎదురుగా అన్నందుకు కాదు. ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు. తమ్ముడు నెలకోసారి ఫోన్ చేస్తాడు, ఒంట్లో బాగుందా అంటాడు, బాగుందంటాను, అయిపోతుంది. నేను ఉండేది బట్టలుతికే మిషన్ల షాపు పైన ఒక గదిలో. పగలంతా కింద మిషన్లు తిరుగుతాయి, నేల వణుకుతుంది. ఇంట్లో నాకు వినిపించే సందడల్లా అదే.

"వంకాయ వండుకున్నా సార్. మాడింది" అన్నాను.

"మాడిందా, మాడ్చావా?" అన్నారు. ఇద్దరం నవ్వాం. స్నేహితుడు పోయిన మూడో రోజు ఆయన, ఎన్నాళ్ళకో నవ్విన నేను.

ఆరయింది. బయటికి వచ్చి పట్టీ పట్టుకుని పిలిచాను. ఇంజనీరు గారూ, వకీలు గారూ, డాక్టరు గారూ, మిల్లాయన గారూ. అంతకుముందు పోయినవాళ్ళ పేర్లు కూడా పట్టీలో అలాగే ఉన్నాయి, కమిటీ కొట్టెయ్యలేదు, ఇద్దరు వస్తున్నన్నాళ్ళూ ఆ ఊసు ఎవరికీ పట్టలేదు. మూడోసారి పిలిచాక ఇంజనీరు గారు "అందరం ఉన్నామయ్యా" అన్నారు మెల్లగా. నేను నాలుగు టిక్కులు పెట్టాను. ఇరవై రెండేళ్ళలో నేను రాసిన మొదటి అబద్ధం అది.

జాలిపడి పెట్టానని అప్పట్లో నాకు నేనే చెప్పుకున్నాను. ఒక వారం అయితే జాలే అనుకోవచ్చు. నేను అలా డెబ్భై ఒక్క శనివారాలు పెట్టాను. రెండో జట్టువాళ్ళకు తెలుసు. వాళ్ళూ ముసలాళ్ళే, తల తిప్పుకునేవారు. రేపు తమ జట్టులోనూ ఒక్కరే మిగులుతారన్న భయం కాబోలు.

ఆ పావుగంట నాకు అలవాటైపోయింది. అలవాటనడం కూడా తప్పే, దానికోసమే వారమంతా ఈడ్చుకొచ్చేవాణ్ణి. ఆయనకు చెప్పాలని సంగతులు దాచిపెట్టుకునేవాణ్ణి. కింద షాపులో ఎవరిదో సాక్సు ఇంకొకరి చొక్కాలో దొరికి భార్యాభర్తలు తన్నుకున్నంత పని చేశారనీ, మైదానంలో గడ్డి కోసే మిషను ఆదివారం అలిగిందనీ. శుక్రవారం సాయంత్రం గదిలో ఒక్కణ్ణీ ఆ మాటలు పైకి చెప్పి చూసుకునేవాణ్ణి, ఎక్కడ నవ్వొస్తుందో చూసుకోవాలి కదా. ఆయన మోకాళ్ళ గురించి చెప్పేవారు, కట్టిన వంతెనల్లో ఒకటి పడగొడుతున్నారని చెప్పేవారు. టీ అయిపోయేది. నేను పిలిచేవాణ్ణి. ఆయన పలికేవారు. ఒక బంతి కొట్టి, సంచి భుజాన వేసుకుని, ఒక్కరే ఆ గడ్డి మీద నడిచిపోయేవారు.

ఇప్పుడు నర్సమ్మ సంగతి చెప్పాలి. చెప్పడానికి మనసు రావడం లేదు.

నర్సమ్మ అంటే ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఆవిడ. నలభై దాటి ఉంటాయి. క్లబ్బులో చేరి ఏడేళ్ళు. మొదటి గంట కోసం కాచుకున్నవాళ్ళ కాగితంలో అందరికంటే పైనున్నది ఆవిడే. ప్రతి శనివారం ఆరుకు పది నిమిషాల ముందు, డ్యూటీ దిగి, యూనిఫాం మీద స్వెట్టరు వేసుకుని కిటికీ దగ్గరికి వచ్చేది. మా ఇంజనీరు గారు లోపల స్టూలు మీద ఉండేవారు, బయటికి కనిపించరు.

"ఇద్దరికి చోటుందా అండీ, మొదటి గంటలో?"

"నిండిపోయిందమ్మా."

"సరేనండీ."

అంతే. ఎందుకు లేదని అడిగేది కాదు, బతిమాలేది కాదు. తొమ్మిది తర్వాత అయితే బోలెడు ఖాళీ ఉందమ్మా అని ఒకసారి నేనే అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. "అప్పుడు కుదరదండీ" అంది. కారణం చెప్పలేదు. వెళ్ళి కారెక్కేది. కారులో పక్క సీట్లో టోపీ పెట్టుకున్న మనిషి ఎవరో ఉండేవాడు. నేను సరిగ్గా చూడలేదు. టీ చల్లారిపోతుందని లోపలికి తిరిగేవాణ్ణి.

పద్ధతి ప్రకారం ఆ చోటు ఆవిడది. మొదటి శనివారం నుంచీ ఆవిడదే. పోనీ పద్ధతి పక్కన పెట్టినా ఇంకో దారి ఉంది. ఇంజనీరు గారితో, సార్, ఎవరో ఇద్దరు చోటు కోసం అడుగుతున్నారు, మీ జట్టులో కలుపుకుంటారా అని ఒక్క మాట అంటే చాలు. జట్టులో ఎవరిని చేర్చుకోవాలన్నది ఆయన ఇష్టం. ఆయన కాదనే మనిషి కాదు. ఆ మాట నా నోటిదాకా ఎన్నోసార్లు వచ్చింది. ప్రతిసారీ మింగేశాను. ఎందుకంటే వాళ్ళు కలిస్తే ఆయన బయట గట్టు దగ్గర వాళ్ళతో మాట్లాడుతూ నిలబడతారు. నా గదిలోకి రావలసిన పనేముంటుంది? యాభై తొమ్మిదేళ్ళ మనిషిని, కిటికీలో కూర్చుని, ఒక ముసలాయన పావుగంట కోసం ఇంకొకరి గంట కాజేశాను. ఇంతకంటే మర్యాదగా చెప్పే దారి నాకు దొరకలేదు.

డెబ్భై ఒకటో శనివారం ఆవిడ కారు మొరాయించింది. ప్రతివారంలాగే చోటు లేదనిపించుకుని వెళ్ళి, తాళం తిప్పితే అది ఖంగు ఖంగుమంది కానీ కదల్లేదు. మెకానిక్కు కోసం చూస్తూ కారు పక్కనే నిలబడింది. నాకు తెలియలేదు. ఆరయింది, నేను బయటికొచ్చి నలుగురినీ పిలిచాను, మూడుసార్లు, గట్టిగా. ఇంజనీరు గారు ఎప్పటిలా పలికి, బంతి కొట్టి, వెళ్ళిపోయారు. తిరిగి చూస్తే ఆవిడ కిటికీ దగ్గర ఉంది.

"నలుగురిని పిలిచారు" అంది.

"అవునమ్మా."

"ఒక్కాయనే వెళ్ళారు."

"మిగతావాళ్ళు వెనక వస్తారు."

"ఎక్కణ్ణించి వస్తారండీ? వకీలు గారు మా వార్డులోనే పోయారు. చివర్లో నేనే ఉన్నాను ఆయన దగ్గర."

అప్పుడైనా తప్పు ఒప్పుకుని ఉంటే వేరే సంగతి. కానీ నా నైజం ఎక్కడికి పోతుంది? "అది క్లబ్బు లోపలి విషయమమ్మా, మీకు సంబంధం లేదు" అన్నాను. ఆవిడ నన్ను ఒక క్షణం చూసి వెళ్ళిపోయింది. సోమవారానికి క్లబ్బు సెక్రటరీ బల్ల మీద ఆవిడ ఫిర్యాదు కాగితం ఉంది. నాలుగే వాక్యాలు, ఒక్క తిట్టు లేదు.

బుధవారం నాలుగింటికి పిలిచారు. సెక్రటరీ గది నాకు కొత్త కాదు, కానీ ఆ గదిలో కుర్చీ చూపించి కూర్చోమనడం కొత్త. అలా కూర్చోబెట్టారంటే పని పడిందన్న మాటే. ఒక పక్క నర్సమ్మ, ఒక పక్క ఇంజనీరు గారు, ఇస్త్రీ చొక్కాలో. మధ్యలో బల్ల మీద నేను టిక్కులు పెట్టే రిజిస్టరు. సెక్రటరీ మంచివాడే, కానీ తన హాస్యం మీద తనకు నమ్మకం ఎక్కువ.

"పోయినవాళ్ళు ముగ్గురు, ఇన్ని వారాలు, ఒక్క శనివారం కూడా మానకుండా వచ్చారు" అన్నాడు పేజీలు తిప్పుతూ. "బతికున్న సభ్యులకే ఇంత శ్రద్ధ లేదు."

ఎవరూ నవ్వలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి స్టార్టర్ గారూ. మీ నిక్కచ్చితనం గురించి ఊరంతా చెప్పుకుంటారు. ఇదేమిటి?"

"పాత సభ్యులు కదా అని, గౌరవం కొద్దీ..." అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది.

ఇంజనీరు గారు చెయ్యెత్తారు, బళ్ళో పిల్లాడిలా.

"అతన్నేం అనకండి. తప్పు నాది. అసలు నేను ఆడటం మానేసి చాలా రోజులైంది. మోకాళ్ళు రెండూ పనికిరావు. మూడో గుంట పక్కన వెనక గేటు ఉంది చూడండి, అందులోంచి ఇంటికి పోతాను ప్రతివారం. పళ్ళాయన పోయినప్పుడే మానేద్దామనుకున్నాను. ఆ రోజు చెప్పిపోదామనే వచ్చాను, ఇక రానయ్యా అని. వస్తే ఈ గడియారం ఒక్కడూ ఆ డబ్బా లాంటి గదిలో కూర్చుని ఉన్నాడు. ఏం వండుకున్నావని అడిగితే మొహం ఎట్లా అయిపోయిందో మీకు తెలీదు. వారానికోసారైనా ఇతన్ని ఎవరో ఒకరు పలకరించాలి కదా అనిపించింది. అందుకని వస్తున్నాను. సంచి మొయ్యలేక చస్తున్నా."

నేను బల్ల అంచు చూస్తూ కూర్చున్నాను. నేను ఆయన కోసం నిలబెట్టానని పైకి చెప్పుకున్న చోటుకు ఆయన నాకోసం కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. సంతోషపడాల్సిన మాటే. ఎవరూ లేనప్పుడు విని ఉంటే ఏడ్చేవాణ్ణేమో. కానీ పక్కనే నర్సమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో సంచి పెట్టుకుని.

"మీరేమైనా చెప్తారా అమ్మా?" అన్నాడు సెక్రటరీ.

ఆవిడ ఇంజనీరు గారివైపు తిరిగింది.

"మీరిద్దరూ ఒకరికొకరు తోడున్నారు, మంచిదే అండీ. నేను కాదనను. కానీ మాట్లాడుకోవాలంటే గేటు బయట బెంచీ ఉంది. ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవచ్చు. మా గంటే ఎందుకు కావాల్సొచ్చింది?"

ఆయన తల దించుకున్నారు.

"మా ఆయనకి కళ్ళ జబ్బు. ఎండ పొడుచుకుంటే అస్సలు చూడలేరు. పొద్దున్నే ఆ గంటలో వెలుగు మెత్తగా ఉంటుంది, అప్పుడైతే కనిపిస్తుంది. కనిపించేది. డాక్టరు ముందే చెప్పాడు, ఇంకో ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అని. ఈలోపు ఏం చెయ్యాలనుంది అంటే, ఆడాలనుంది అన్నారు. పేరు రాయించాను. ఆరోజు డెబ్భై గజాల అవతల బంతి కనిపించేది ఆయనకి. ఇప్పుడు కాళ్ళ దగ్గర పెట్టినా తడుముకోవాలి." ఆవిడ గొంతు పెరగలేదు. "ప్రతివారం వెంట వచ్చేవారు. చోటు లేదంటే, పోన్లే, పాతవాళ్ళు కదా, వాళ్ళకి మాత్రం ఎన్నాళ్ళుంది అనేవారు."

"ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే కమిటీ ప్రత్యేకంగా..." సెక్రటరీ అందుకోబోయాడు.

"ఎందుకు చెప్పాలండీ? జబ్బు చూపించి అడుక్కోవాలా? కాగితంలో పైన పేరుంది. అది చాలదా?"

చాలు. చాలదని చెప్పగలిగే మనిషి ఆ గదిలో ఎవరూ లేరు.

తీర్పు పది నిమిషాల్లో అయిపోయింది. ఇంజనీరు గారు హక్కు వదులుకుంటున్నట్టు సంతకం పెట్టారు. ఆరు గంటల చోటు నర్సమ్మకు. ముందు హక్కు ఉండాలా వద్దా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశంలో చూస్తారట. నాకు ఒక హెచ్చరిక కాగితం. ఉద్యోగం పోలేదు. పోతే ఆ బాధలో పడి దీన్ని మర్చిపోయేవాణ్ణి.

మెట్ల మీద ఇంజనీరు గారు ఆగారు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతున్నారు. చెయ్యి అందించబోతే వద్దన్నారు.

"నాకు ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ళిద్దర్నీ కలుపుకునేవాణ్ణి కదయ్యా. కిటికీ దగ్గర ఆవిడ గొంతు ప్రతివారం విన్నాను. ఎవరో ఏదో అడుగుతున్నారనుకున్నాను, నువ్వు చూసుకుంటావులే అనుకున్నాను. ఎందుకు చెప్పలేదు?"

చెప్తే మీరు నా దగ్గర కూర్చోరు కదా సార్. ఈ వాక్యం నా గొంతులో తయారుగా ఉంది. చిన్నదే. కానీ ఈ వయసులో ఒక మగవాడు ఇంకో మగవాడితో ఆ మాట ఎలా అంటాడు?

"తోచలేదు సార్" అన్నాను.

ఆయన నా మొహం చూశారు. అబద్ధమని తెలిసిపోయింది. ఇంకేం అడగలేదు. గురువారం అంతా ఆలోచించి శుక్రవారం ఫోన్ చేశాను, రిజిస్టరులో నంబరు ఉంది, ఇన్నాళ్ళలో ఒక్కసారీ చెయ్యలేదు. శనివారం ఊరికే వచ్చి కూర్చోండి సార్, ఆడక్కర్లేదు అన్నాను. "రానయ్యా. ఏ మొహం పెట్టుకుని వస్తాను? ఆవిడ ఎదురుపడితే తలెత్తి చూడలేను" అన్నారు. పోనీ నేనే మీ ఇంటికి వస్తాను సార్ అందామనుకున్నాను. అనేలోపు, ఉంటానయ్యా అని పెట్టేశారు. కింద మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి.

శనివారం అయిదున్నరకే కిటికీ తెరిచాను. పట్టీలో కొత్త పేజీ. ఆరు గంటల దగ్గర రెండు పేర్లు, నా చేత్తోనే శుభ్రంగా రాశాను. వాళ్ళకోసం గట్టు మీద తడి తుడిచాను, అది నా పని కాదు. బంతి పెట్టే చోట గడ్డి సరిచేశాను. ఏం చెప్పాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

నర్సమ్మ ఆరుకు పది నిమిషాల ముందు వచ్చింది. అదే స్వెట్టరు. కారులో పక్క సీటు ఖాళీ.

"మాకు ఆ చోటు వద్దండీ. కాగితంలో తర్వాత ఎవరున్నారో వాళ్ళకి ఇచ్చెయ్యండి. సంతకం ఎక్కడ పెట్టాలి?"

"అమ్మా, అట్లా అనకండి. మీవారిని తీసుకురండి. ఈ గంటలో మీ ముందు ఎవరూ ఉండరు, తొందరపెట్టేవాళ్ళు లేరు. నేను గది మూసేసి మీతో వస్తాను, సెక్రటరీని అడుగుతాను. బంతి ఆయన కాళ్ళ దగ్గర నేను పెడతాను. కొట్టాక ఎటు పోయిందో, ఎంత దూరం పోయిందో, అడుగు తేడా లేకుండా నేను చూసి చెప్తాను. ఆయన ఆడినట్టే ఉంటుంది." అంత పొడుగు మాట నేను ఏ మనిషితోనూ మాట్లాడి ఎరగను.

ఆవిడ విన్నది, పూర్తిగా విన్నది. తర్వాత పెన్ను కోసం చెయ్యి చాపింది.

"మీరు చెప్తే మేం నమ్మాలి కదండీ" అంది.

కోపంగా అనలేదు. రోగికి మందు వేళ చెప్పినంత మామూలుగా అంది. నేను పెన్ను ఇచ్చాను. ఆవిడ సంతకం పెట్టి, తేదీ వేసి, పెన్ను మూత పెట్టి కిటికీ అంచు మీద ఉంచింది.